వివరించండి

గుంటూరు బ్రాడీపేట, నాలుగో లైను,
మేడమెట్ల కింద నెట్ సెంటరు.
నయీమ్ చదువుతున్నాడు, నేను తలూపుతున్నాను.
పేరు: దేవరపల్లి పరిశుద్ధరావు.
వృత్తి: మేకప్.
"పెళ్లికూతుళ్లకా బాబాయ్?"
కాదురా, రాజులకి. రాక్షసులకి.
పద్యం ఎత్తుకునే ముందు అద్దంలో
తమని తాము గుర్తుపట్టని మిరప రైతులకి.

ఇరవై మూడో ప్రశ్న దగ్గర వాడి వేలు ఆగింది.
ఎప్పుడైనా మీ వీసా రద్దయిందా?
అయింది.
అయితే వివరించండి.
కింద ఒక తెల్లటి పెట్టె, మూడు వేళ్ల వెడల్పు.

పాస్‌పోర్టులో ఏ మచ్చా లేదు చూడు.
రద్దు మెయిల్లో వచ్చింది.
కొబ్బరినూనెతో అర్దళం తుడుస్తాను, కాటుక తుడుస్తాను,
నూరేళ్ల ముసలితనాన్ని పాత పంచెముక్కతో
రెండు నిమిషాల్లో తుడిచేస్తాను.
దీన్నెక్కడ పట్టుకుని తుడవను?

మెల్‌బోర్న్‌కి పదకొండు మందిమి వెళ్లాం.
పదిమందిమి తిరిగొచ్చాం.
రానివాడు కోటిలింగం. మా రాజు.
కిరీటాన్ని అట్టపెట్టెలో భద్రంగా సర్ది మరీ పోయాడు,
అద్దె సామానని.

రాయి నయీమ్:
అతనిప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు.
అది నిజం.
అతను పోతాడని నాకు ముందు తెలియదు.
అదీ రాయి.

ఆఖరాట అయ్యాక అందరి ముఖాలూ తుడిచాను.
వాడు చివరిదాకా కూర్చున్నాడు.
"అన్నా, ఈ మీసం కూడా తీసెయ్."
అతికించింది కాదురా, నీదే.
"తెలుసులే. తీసెయ్."
పదిహేనేళ్లు నేను దువ్వి, దిద్ది, మెలితిప్పిన మీసం.
తీశాను. ఎందుకని అడగలేదు.
గడ్డం పట్టుకుని ముఖం బల్బు వైపు తిప్పితే
ఎవరో కొత్తవాడు, కాస్త పిరికివాడు,
పొన్నూరు బస్సులో పక్కన కూర్చున్నా
దిగేటప్పటికి గుర్తుండని ముఖం.
నా చేతిలో అంత బాగా కుదిరిన వేషం ఇంకోటి లేదు.

ఫొటో కావాలట.
తెల్లగోడ. నవ్వకూడదు. నీడ పడకూడదు.
నయీమ్ ఫోనెత్తాడు.
ఇంతమంది ముఖాలు తిప్పినవాణ్ణి,
నాది ఎటు తిప్పుకోవాలో తోచలేదు.

"పెట్టెలో ఇంకా చోటుంది బాబాయ్.
ఏమన్నా రాయాలా?"
బయట బజ్జీల బండి మీద నూనె సలసలమంటోంది.
తెరలో చిన్న నిలువుగీత ఆరుతూ వెలుగుతూ,
మాట మర్చిపోయిన వేషగాడి వైపు
పక్కనుంచి చూసే ప్రాంప్టరు కన్నులా.

చాల్లే అన్నాను.
ఫీజెంతని అడిగాను.
వీసా రాకపోయినా
ఆ డబ్బు తిరిగి రాదట.