మెర్లీన్ మడతపెట్టని తువ్వాలు

ఫెర్రీ దిగగానే మెర్లీన్ అడిగిన మొదటి మాట
"ఇక్కడ దుప్పట్లెవరు ఉతుకుతారు?"
నాకు నవ్వొచ్చింది, నవ్వలేదు.

ఇరవయ్యారేళ్లు గ్రెనడాలో
పెద్ద హోటల్ వెనక, ఆవిరి గదిలో
ముక్కూ మొహం తెలియని జంటల పక్కబట్టలు ఉతికిన మనిషి.
అంచుల్లో ఇరుక్కున్న ఇసుక చూసి
ఏ తీరానికి వెళ్లొచ్చారో చెప్పేసేది:
ఇది నల్లది, ఉత్తరం వైపుది,
ఇది పిండిలా ఉంది, గ్రాండ్ ఆన్స్‌ది.
ఆ ఇసుక మీద తను పడుకున్నది లేదు,
ఒక్కసారి తప్ప. అదీ పెళ్లికి ముందు, చీకట్లో, నాతో.
ఆ సంగతి ఇప్పుడెందుకు.

నేను మాత్రం తక్కువ తిన్నానా?
నా మినీబస్సుకి సముద్రమంటే
పోయేటప్పుడు ఎడమ కిటికీ,
వచ్చేటప్పుడు కుడి కిటికీ.
పరుగెత్తని సముద్రం ఎలా ఉంటుందో
నాకు తెలీదు.

కరియాకూ మాకు పరాయి దేశమేం కాదు,
అదే జెండా, అదే డబ్బు, అదే వాన.
అయినా సూట్‌కేసుతో దిగితే
రేవులో కుర్రాడు "టాక్సీ కావాలా సార్?" అన్నాడు.
యాభై తొమ్మిదేళ్లలో
నన్ను సార్ అన్న మొదటి డ్రైవరు.
బేరమాడలేదు, పైగా ఐదు డాలర్లు ఎక్కువిచ్చాను.
మెర్లీన్ మోచేత్తో పొడిచింది.

మిస్ ఎగ్లాంటీన్ ఇంట్లో గది.
తుఫాను కప్పునెత్తుకుపోయిందట,
కొత్త రేకుల మెరుపింకా చావలేదు.
పక్కింటి మీద నీలం టార్పాలిన్
గుక్కపట్టి ఏడ్చి, ఊరుకుని, మళ్లీ ఏడుస్తోంది.
"గాలి వెళ్లాక మూడు రోజులు
కోడి కూడా కూయలేదు" అంటూ
మాబీ గ్లాసులు చేతికిచ్చి
"చేదుగా ఉంటుంది, మెల్లగా తాగండి" అంది.
పాలు మానినప్పట్నుంచీ తాగుతున్నవాళ్లం,
టూరిస్టుల్లా బుద్ధిగా తలూపాం.

మొదటి రోజు మెర్లీన్‌కి కూర్చోవడం రాలేదు.
అదీ ఓ పనే, ఎవరో నేర్పాలి.
తువ్వాలు పరిచింది, దులిపింది,
అంచుకి అంచు కలిపింది, మళ్లీ పరిచింది.
ఎవరో వదిలేసిపోయిన తువ్వాలు కూడా
నాలుగు మడతలు పెట్టి
ఎగిరిపోకుండా శంఖం బరువు పెట్టొచ్చింది.
నేనేమో అల విరిగినప్పుడల్లా
కుడికాలు ఇసుకలోకి నొక్కుతున్నాను,
బ్రేకనుకుని.

రెండో రోజు మబ్బేసి చినుకులు పడ్డాయి.
మాంచినీల్ చెట్టు కిందికి పరుగెత్తిన తెల్లజంటను
ఇద్దరం ఒక్క గొంతుతో కేకేసి బయటికి లాగాం.
ఆ ఆకు కడిగిన నీళ్లు ఒంటిని బొబ్బలెక్కిస్తాయి.
వాళ్లు బెదిరి, తేరుకుని, దణ్ణాలు పెట్టినంత పని చేసి
"మీరిక్కడ పనిచేస్తారా?" అనడిగారు.

మెర్లీన్ నడుం మీద చేతులు పెట్టుకుంది,
బ్లీచికి వేలిముద్రలరిగిన చేతులు.
"లేదండీ. సెలవులో ఉన్నాం."
ఆ మాట తన చెవికే కొత్తగా తగిలినట్టుంది,
ఇటు తిరిగి మళ్లీ అంది,
"అల్‌రిక్, మనం సెలవులో ఉన్నాం."

మూడో రోజు నడుం లోతులో
"పట్టుకో" అని వెనక్కి వాలింది.
ఆమె వీపు కింద నా రెండు అరచేతులు,
మధ్యలో ఉప్పునీళ్లు.
ఎప్పుడు వదిలేశానో నాకే తెలీదు,
ఆమెకి తెలుసు, చెప్పలేదు.
కళ్లు మూసుకుని తేలుతోంది,
బూడిదరంగు జడలు చుట్టూ విచ్చుకుని.
ఎన్నేళ్లుగానో ఎవరికోసమో చదునుచేసిన పక్క,
ఇవాళ తనకి.

ఒడ్డున అల ఒకటి కాస్త పైకి పాకి
మా తువ్వాలు కొస పట్టుకుంది.
నేను చూశాను. ఒక కన్ను తెరిచి తనూ చూసింది.
పోనీ, అన్నట్టు మళ్లీ మూసేసింది.
అది ముందు తడిసింది, తర్వాత నానింది,
తర్వాత నిదానంగా, ముడతలు ముడతలుగా,
ప్రయాణం కట్టింది.

మిస్ ఎగ్లాంటీన్ దానికి
పన్నెండు డాలర్లు కట్టించుకుంది.
మెర్లీన్ ఇచ్చేసింది.
బేరం కూడా ఆడలేదు.