పద్నాలుగు మిల్లీమీటర్లు

ఎడమ చెవిల ట్యూబ్‌లైటు చోకు మోగుతున్నది.
ముప్పై ఏండ్ల సంది ఇండ్లకు వైరింగు జేసెటోణ్ని,
ఏ రొద యాడికెల్లి వస్తదో
నాకు తెల్వదా అనుకున్న.
మెయిన్ బంద్ జేసి చీకట్ల కూసుండి విన్న.
మోగేది గోడల గాదు.

నిచ్చెన మీద రెండోసారి తూలినంక
పంజగుట్టకు పోయిన.
గొట్టంల పండవెట్టి
గంటసేపు టకటక కొట్టిన్రు.
డాక్టర్ మెహజబీన్ తెర మీద చూపెట్టింది:
తెల్లగ, చిక్కుడు గింజంత.
"క్యాన్సర్ గాదు, పరేషాన్ గాకు.
నరానికి పైన పొర ఉంటది గదా,
ఆ పొర గడ్డగట్టింది."

అంటే తొడుగేనా మేడం,
లోపల రాగి మంచిగనే ఉన్నదా?
కలం ఆపి నా దిక్కు చూసింది.
"ఉన్నది. ఇప్పటికైతే."

ఊకె ఉండి చూసుడు ఒకటి.
ఆర్నెల్లకోపారి ఫొటో దీసి కొలుస్తరట,
కొందరికి ఏండ్లకేండ్లు అంతే ఉంటదట.
లేకుంటె కిరణాలు.
కోత లేదు, నెత్తురు లేదు.
కరిగిపోదు గని
చానామందికి ఆడనే ఆగిపోతదట.
ఇగ ఆఖరుది, చెవెన్క బొక్క తొలిచి దీసుడు.
"అట్ల దీస్తె ఆ చెవి వినికిడి పోవచ్చు" అనుకుంటనే
కాయిదం మీద ఇంకో గీత గీసింది,
మొదటిదాన్ని ఆనుకోని.
"ఇది మొఖం నరం."

ఒక్క పైపుల రెండు తీగలుంటె
ఒకటి గుంజినప్పుడు రెండోదానికి ఏమైతదో
నాకొకలు చెప్పాల్నా?
రెండోది నవ్వే తీగ.

మెట్రో అద్దంల
ఎడమ మూతి ఎత్తి చూసిన, కుడిది ఎత్తి చూసిన,
కన్ను గొట్టి చూసిన.
ఎదురుంగ స్కూలు బ్యాగు పోరడు
నాకంటె మంచిగ చేసి చూపెట్టిండు.

సుల్తాన్ బజార్ల దిగి
నడుసుకుంట ట్రూప్ బజార్‌కు పోయిన.
ఎర్ర వైరు, పద్నాలుగు మిల్లీమీటర్లు కోసియ్యమంటె
జైన్ సేటు కొడుకు నా మొఖం చూసిండు.
పైసలు తీస్కోలే.

కార్తీకంల మళ్ల ఫొటో.
అప్పటిదాంక ఆగుతనని చెప్పిన.
అంగి జేబుల ఆ తునుక ఉన్నది,
ఒక్కోపారి గోటితోని తొడుగు నొక్కి చూస్త.

రాత్రి అనసూయ ఎడమ దిక్కు పండుకోని
ఏందో అడిగింది.
వినవడకున్నా ఆఁ అన్న.
జెరసేపు ఆగి, లేసి,
మంచం సుట్టు తిరిగొచ్చి
కుడి దిక్కు పండుకున్నది.
మళ్ల మొదటికెల్లి అడిగింది.