లాభం, రెండు, మూడు

మిర్యాలగూడల, మిల్లు గోడకు ఆనుకొని నా రూము.
పదడుగులకు ఎనిమిది. గోడలకు గన్నీ సంచులు,
తలుపుకు పాత బొంత.
కూరగాయల ఆటోలకు, పాత ఇనుము కొనేటోళ్లకు
గొంతులు పట్టిస్త. ఒక్కోటి మూడు వందలు.
వెనకాల సన్నగ ఒక మోత ఉంటది, ఎవరూ అడగలే.
ఆటో చప్పుట్ల అది ఎవరికి ఇనవడ్తది?

రాపోలు ఈశ్వరయ్య వచ్చిన్నాడే
నా తీగ బండారం బయటవడ్డది.
ముప్పై ఒక్క ఏండ్లు గా మిల్లులనే
కాంటా కాడ బస్తాల లెక్క ఒర్రిన మనిషి.
నిరుడు గొంతుకు ఆపరేషనైంది.
ఇప్పుడు మాట గాదు,
చాటల ఊక జారినట్టు ఒక గరగర.

"ఉన్నంతల లెక్క పట్టు బిడ్డా."
లాభం. రెండు. మూడు.
ఒకటి అనడు. ధాన్యం కాడ ఎవ్వడూ అనడు.

చెవులకు పెట్టుకుంటే ముందు మిల్లే ఇనవడ్డది.
సౌండు పెంచిన, మిల్లు పెరిగింది.
మైకు మీద దుప్పటి కప్పిన,
గరగర ఆగింది, మోత ఆగలే.
అంటే అది గాలిల లేదు.
తీగల ఉంది.

హన్మాన్‌పేటల మోటర్లు చుట్టే మొయినుద్దీన్
నా తీగను బ్లేడుతోని చీరి చూపిచ్చిండు.
"లోపల ఒక్కటే దారం. మీద జాలి.
కాపలా కాసేటోని నెత్తిమీదనే సామాను గూడ పెట్టినవు భాయ్.
ఇద్దరిని తోలాలె. ఒకడు మాటను ఉన్నదున్నట్టు మోస్తడు,
ఇంకొకడు అదే మాటను బోర్లేసి మోస్తడు.
తొవ్వల దుమ్ము ఇద్దరి మీద ఒక్కతీరే పడ్తది.
గడప కాడ రెండోడిని మళ్ల సీదా చెయ్యి,
మాటకు మాట కలుస్తది,
దుమ్ముకు దుమ్ము కొట్టుకపోతది."

మరి గొంతు గంత మొద్దుగ ఎందుకుందన్న.
నా కారియోకె డబ్బాను తిప్పి వెనక అంకె చదివిండు.
"మైకుది నూటయాభై ఓములు. దీనిది ఆరు వందలే.
కనీసం పదిహేను వందలుండాలె."
ఓము అంటే అడ్డమే గదా, ఎక్కువైతే మంచిదెట్ల?
నవ్విండు. చేతులకు వార్నీషు.
"సన్నటి లైను మీద పది హార్స్‌పవర్ మోటరు ఏస్తే
ఇంట్ల బల్బు కండ్లు మూస్తది, సూడలేదా?
ఇచ్చేటోనికి తక్కువుండాలె, ఇనేటోనికి ఎక్కువ.
ఇనేటోడు గుంజొద్దు."

మూడు మొనల తీగ పద్నాలుగు వందలు,
సెకండ్‌హ్యాండు డబ్బా ఆరు వేలు,
హైదరాబాదు బస్సు పార్సిల్ల దిగినయి.
ఇరవై అయిదు ఆటోల గొంతులు.

ఈశ్వరయ్య మళ్ల కూసున్నడు.
ఈసారి ఉమ్మి మింగింది గూడ ఇనవడ్డది.
ఆరు. ఆరున్నొక్కటి.
ఏడు అనే మాట నోటికి రానియ్యని ఆ జాగ్రత్త,
నాలిక పండ్లకు తాకిన తడి,
ఎనిమిదికి ముందర చిన్న ఆయాసం.
నాకు రోమాలు లేచినయి.

ఆయన మాత్రం హెడ్‌ఫోన్ తీసి ఒళ్ల పెట్టుకున్నడు.
"మంచిగుంది. మరి మిల్లేది?"

తీసేసిన తాతా అని చెప్పిన,
ఇద్దరు మోసేటోళ్ల కథ, దుమ్ము కథ, అంత.
ఓపిగ్గ ఇన్నడు.
"గా మోత మీదికెళ్లి ఇనవడాలెననే గదా
గంత ఒర్రింది," అన్నడు, గొంతు మీది గాటు ముట్టుకుంట.
"అది లేకపోతే నేనేదో
ఉత్తగ అరిశినట్టున్న."

ఆయన పోయినంక చెత్త డబ్బాలకెళ్లి
చీరిన తీగను తీసి టేపు చుట్టిన,
పాత డబ్బాకు పెట్టిన.
మైకు ముందర ఎవరూ లేరు.
పదకొండు నిమిషాలు మిల్లును పట్టిన,
నడుమల ఒకపాలి కరెంటు డిమ్ముగైతే
మోత గూడ ఒంగి మళ్ల లేసింది.

ఇప్పుడు రెండు గీతలున్నయి తెర మీద.
కింది గీతను ఎంత లేపాలెనో రాత్రి రెండు దాక తేలలే.
ఇంత లేపితే ఆయన మునుగుతడు,
ఇంత దించితే ఒంటరైతడు.
ఆయితారం వస్తనన్నడు.
వచ్చి, చెయ్యి ఎత్తి,
కాంటా కాడ ఆపినట్టు
చాలు అంటడేమో సూడాలె.