పురి

బ్రిడ్‌పోర్ట్ వీధులు ఊరికి మించిన వెడల్పు.
ఒకప్పుడు వాటి పొడవునా తాళ్లు పేనేవారట.
పక్కింటి హాలెట్ ఆ పనిలోనే ముసలివాడయ్యాడు.
గోడ మీంచి మూరెడు తాడు అందించి
"ఏ పురి?" అన్నాడు.
ఎడమ.
"కొస మార్చి పట్టుకో. ఇప్పుడు?"
ఎడమే.
తలకిందులు చేసినా ఎడమే.
అద్దానికి చూపిస్తే మాత్రం కుడి.

నేను వెతికేదీ అదే, హాలెట్ గారూ,
చుక్కలింకా పుట్టనప్పుడు
ఎవరూ పేనని అయస్కాంత క్షేత్రానికి
పురి పడిందా, పడితే ఎటు అని.

సాక్ష్యం గామా కిరణాలది.
పాలపుంత వెలుగుని పక్కకి నెట్టి
మిగిలిన ఫోటాన్లని మూడేసి ఏరతాను:
గట్టిది, నడిమిది, నీరసంది.
వరసగా కలుపుతూ పోతే
గడియారం వెంట తిరుగుతాయా, ఎదురా?
లక్షల సార్లు అదే ప్రశ్న.

మొదటి ఐదేళ్ల ఆకాశం
సన్నగా, నూలుపోగంత, ఎడమకి తిరిగింది.
ఆ రాత్రి నిద్రపోలేదు.

నాది పుర్రచెయ్యి.
ఆ సంగతి ఏ పట్టికలోనూ రాయలేదు.
బలపాన్ని కుడిచేతిలోకి మార్పించిన టీచరు గారికి
ఇన్నాళ్లకి ఒక పెద్ద సాక్షి దొరికిందనుకున్నాను.
నన్ను పురికొల్పుతున్నది లెక్క కాదని
ఫిలిప్పా ముందే పసిగట్టింది.

ఈసారి ఆమె నాణెం ఎగరేసింది.
బొమ్మయితే ఆకాశం, బొరుసయితే దాని అద్దపు నీడ.
ఏది పంపిందో చీటీ రాసి కవరులో అంటించింది.

పదకొండేళ్ల ఫోటాన్లు. మూడు రోజుల వాన.
చివరికి సున్నా చుట్టూ తడబడే ఒక అంకె.
పురి లేదని కాదు,
ఉంటే నా వేళ్లకి తగలనంత సన్నం.

కవరు చింపలేదు.
అటూ ఇటూ ఒకేలా ఉన్న ముఖాన్ని
నేరుగా చూశానో, అద్దంలో చూశానో
తెలుసుకుని ఏం చేస్తాను?

టీ చల్లారింది. హాలెట్ ఇచ్చిన తాడు కొస
ఊరికే, ఎడమచేత్తో, విప్పుతూ కూర్చున్నాను.
పాయ విడిపోయింది. లోపలి పోగులు
కుడికి తిరిగి ఉన్నాయి.

గోడ దగ్గరికి పరుగెత్తి చూపించాను.
"మరి? అన్నీ ఒకవైపే తిరిగితే తాడు నిలుస్తుందా?"
అని బీన్స్ పాదుకి నీళ్లు పోస్తున్నాడు, వానలోనే.

లోపలికొచ్చి
ఫైలు మళ్లీ మొదటి నుంచి తెరిచాను.