తరుగు డబ్బా

చేతులకి తెల్లటి గుడ్డ తొడుగులు వేసుకుని వచ్చాడు,
పెళ్ళికొడుకో, శవపరీక్ష చేసేవాడో
గుమ్మంలో నిలబడితే నాకు తేలలేదు.
పేరు రదీమ్ ఖ్వొయ్‌కా అన్నాడు.
బ్ర్నో నుంచి మూడు రైళ్ళు మారాడట.

వంటింటి బల్లమీద జామ్ సీసా పక్కకి జరిపి
నల్ల వెల్వెట్ ముక్క పరిచాడు.
దాని నడుమ పాత కోరునా ఒకటి.
"డెబ్భై ఆరు. అప్పుడు మీరే కదా తనిఖీలో?"

నేనే.
క్రెమ్నిత్సా టంకశాలలో ఇరవై ఆరేళ్ళు
కదిలే పట్టీ ముందు, అదే స్టూలు మీద.

ఆ నాణెం మీద ఒకామె ఉండేది,
మోకాలు నేలకి ఆనించి మొక్క నాటుతూ.
ఇందులో ఆమె పక్కకి జారిపోయింది.
వీపుంది, వంచిన మెడ ఉంది.
చేతులు లేవు. మొక్క లేదు.
మిగిలిన చోట ఉత్త లోహం,
గోరు మొదట్లో తెల్లటి వంకలాగా.

చెల్లని రూకకి గీతలు మెండంటారు.
దీనికి గీతలే తక్కువ, ధరే మెండు.
పాత కారు అమ్మి కొన్నాడట
రొట్టె ముక్క కూడా రాని దీన్ని.

"మీ చేతిలోంచి ఎలా తప్పించుకుంది?"

ఏం చెప్పను?
అచ్చు పగిలి సింహం చెంపన పుండులా ఉబ్బినవి,
ఒకవైపు బొమ్మ, రెండోవైపు అదే బొమ్మ గుంటపడినవి,
అంచు నొక్కడం మరిచిపోయినవి,
కళ్ళకంటే ముందు నా బొటనవేలికి తెలిసేవి.
మంచి నాణెం ఖంగుమంటుంది.
తరుగు డబ్బాలో పడ్డది ధప్పుమంటుంది, అంతే.
శనివారం శనివారం లెక్కపెట్టి, సీలు వేసి, కొలిమికి.

అతనికి కథ కావాలి. కథ ఉంటే ధర పెరుగుతుంది.
"ఆ రోజు ఇంట్లో ఎవరైనా పోయారా?
ఎవరైనా ఉత్తరం రాశారా?
పోనీ, కావాలనే వదిలారా?"
ఈ మాట అడిగేటప్పుడు కళ్ళు మెరిశాయి.

నిజాయితీగానే ఆలోచించాను.
"తుమ్ము వచ్చి ఉంటుంది" అన్నాను.

రాసుకున్నాడు.
కాసేపు చూసి, కొట్టేశాడు.

అతనికి చెప్పనిది ఒకటుంది.
ఏ ఏడాదో గుర్తులేదు, చలికాలం, రాత్రి షిఫ్టు.
రెండుసార్లు అచ్చుపడ్డ కోరునా ఒకటి వచ్చింది.
ఆమె వెనకే ఇంకొక ఆమె, కొంచెం ఎడంగా,
అదే మోకాలు, అదే వంపు.
ఇద్దరు ఆడవాళ్ళు, ఒకే గుంత.
తొలిసారి ఆమెకి సాయం దొరికినట్టు.

దీపం కిందకి పట్టుకుని చూస్తూ ఉండిపోయాను.
వెనక సూపర్‌వైజర్ ష్టెఫ్కో దగ్గాడు.
డబ్బాలో వేశాను.
ధప్పు.

కరిగి మళ్ళీ కోరునాలై ఉంటాయి, ఈసారి సరిగ్గా.
ఎవరో వాటితో పాలు కొనుక్కుని ఉంటారు.

ఖ్వొయ్‌కా వెల్వెట్ మడిచి, తొడుగులు విప్పి,
మామూలు చేత్తో నా చెయ్యి కలిపాడు.
చల్లటి చెయ్యి. నాకు నచ్చింది.

సాయంత్రం రొట్టెల కొట్లో చిల్లర ఇచ్చారు.
ఇప్పుడన్నీ యూరోలు.
నేను అడక్కుండానే బొటనవేలు
ఒక్కొక్కదాని అంచు చుట్టూ తిరిగి వచ్చింది.

అన్నీ బాగున్నాయి.
ఒక్కదానికీ ఏమీ జరగలేదు,
పాపం.