మూత

కలాసిపాళ్యం మలుపులో ఆగిన బండి
ముప్పై కిక్కులకీ దగ్గనైనా దగ్గలేదు.

దస్తగిరి ప్లగ్గు విప్పి, ఇంజను మీద ఆనించి
"తన్ను" అన్నాడు.
నీలంగా చిటుక్కుమంది నిప్పు.
"కరెంటుండాది."
కార్బురేటరు అడుగు మర వదులు చేస్తే
రెండు చుక్కలు రాలాయి, అంతే.
ట్యాంకు చూస్తే నిండుగా ఉంది మరి.

వాననీళ్ళు దిగుతాయని నేనే
మూత మీద రబ్బరుబ్యాండుతో బిగించిన
నందిని పాలకవరు.
గోటితో చీల్చాడు దాన్ని.
మూత తిప్పగానే,
నీళ్ళలోంచి తేలి ఎవరో గాలి పీల్చినట్టు
హుస్సుమంది ట్యాంకు.

"రోగమేం ల్యా సార్. గాలాడల్యా."

కాసేపాగి ఒక్క కిక్కు.
సైలెన్సరు పొగకి ఈసారి నేను దగ్గుతూ
ఎంతివ్వాలంటే
టీ తాగిపొమ్మన్నాడు.

ఆ కవరింకా చొక్కా జేబులోనే ఉంది:
ఒక మూల పాలవాసన,
మిగతాదంతా పెట్రోలు.