ముడులు లెక్కబెట్టిన రోజు

చిత్తూరు కట్టమంచిలో నా కుట్టుకొట్టుకి బోర్డు లేదు.
"రేపు కస్తూరి కొట్టు యాడ?" అని అడిగితే
టీ బంకు పిల్లోడు కూడా చెయ్యి చూపిస్తాడు.

రేపు. ఎంత మెత్తటి మాట!
దెయ్యాన్ని కూడా రేపు రమ్మని
గోడమీద బొగ్గుతో రాసి తిప్పి పంపిన ఊళ్ళు మావి.
నేను జాకెట్టు గుడ్డలు తెచ్చిన మనుషుల్ని పంపేదాన్ని, అంతే తేడా.

నెలాఖరు మంగళవారం ఎస్తేరమ్మ వచ్చింది.
పెద్దాసుపత్రిలో ముప్పై ఆరేళ్ళ నర్సు నౌకరీ,
ఆ సాయంత్రమే చివరి సన్మానం.
నాలుగు రేపులు అయిపోయి
ఇంక రేపు లేని రోజు అది.
వంకాయరంగు జాకెట్టుకి ఒక చెయ్యే అతికి ఉంది.
ఆమె తిట్టలేదు.
"పోనీలే పాపా, పాతది ఏసుకుంటా" అని
ఆ ఒంటిచెయ్యి జాకెట్టుని మడిచి సంచిలో పెట్టుకునింది.
తిట్టి ఉంటే నాకు నిద్ర పట్టేది.

మర్నాడు తెల్లదారం ఒక మూర తెంచి
మిషను పక్కన మేకుకి కట్టినా.
సీటు మీదనుంచి లేచినప్పుడల్లా ఒక ముడి.
రోజుకి పన్నెండు గంటలు కుడతానని
నా మీద నాకు ఎంత నమ్మకమో!
పొద్దు గూకేలోపే మూర చాల్లేదు.

రాత్రి సంగటి తిని, లైటు కింద ముడులు తడమతా కూర్చున్నా.
నలభై మూడు.
కత్తెర వెతికినవే పదకొండు
(అది యాడికీ పోదు, గుడ్డల కిందే ఉంటుంది, దేవుడి మాదిరి).
ఫోనుకి తొమ్మిది: ఒకటి మా చెల్లెలు,
మిగతావి ముక్కూ మొగం తెలీనివాళ్ళు దోసెలు తిప్పే వీడియోలు.
దారం కోసం చర్చి వీధికి నాలుగు తడవలు, రంగుకొక తడవ.
"ఏం మే చేస్తా ఉండావు" అని దొరసాని ఆరుసార్లు;
దానికి నా జవాబు ఒక్కోటి అరగంట.
కరెంటు పోయి రెండు.
అత్త కంట్లో చుక్కలు వేసినవి నాలుగు.
ఎదురింటి చందన లెక్కల పుస్తకం తెచ్చి మూడు.
ఇంకా నాలుగు మిగిలినాయి.
ఎందుకు లేచినానో ఎంత తలకాయ గోక్కున్నా గుర్తురాలేదు.
వాటినే శానాసేపు పట్టుకుని కూర్చున్నా.

తెల్లారి కత్తెరకి రిబ్బను కట్టి
దూడని కట్టినట్టు మిషను కాలికి కట్టేసినా.
ఫోను బియ్యం డబ్బాలో పెట్టినా, మోగితే బియ్యం వింటాయి.
దారాలన్నీ ఆదివారం ఒకే చీటీ మీద.
చేతులన్నీ ఒక పూట, మెడలన్నీ ఒక పూట.
దొరసానికి హుక్కులూ సూదీ ఇచ్చి
మాట్లాడతానే కుట్టమన్నా, జాకెట్టుకి ఐదు రూపాయలు.
నోరు ఆడేకొద్దీ ఆమె చెయ్యి జోరు.

నాకు పని నేర్పిన జిలానీ మేస్త్రీ విని నవ్వినాడు.
"నేనూ ఒకప్పుడు బీడీలు మానేసి లెక్కేసినా మే,
రోజుకి రెండు జాకెట్లు ఎక్కువ తేలినాయి.
ఆర్నెల్లకి నడుము లేవలా.
రొన్ని ముడులు ఉండనీ."

చుక్కల ముడులు విప్పలేదు. చందనవీ విప్పలేదు.
అత్త తల నా ఒళ్ళోకి వాల్చి, రెప్ప పైకి లాగి,
చుక్క జారేదాకా ఇద్దరం ఊపిరి బిగబడతాం.
రోజంతట్లో నేను ఏదీ వెతకని నిమిషం అదొక్కటే.

మిగిలిపోయిన ఆ ఇంకో చెయ్యి కుట్టుకుని
గ్రీంస్‌పేటకి పోయినా. ఎస్తేరమ్మ గడపలో కూర్చుని
చేత్తోనే అతికించినా.
"ఇప్పుడు యాడికేసుకునేది?" అనింది.
నా దగ్గర జవాబు లేదు. కాఫీ ఇచ్చింది.

మొన్న, శుక్రవారానికి ఒప్పుకున్న జాకెట్టు
గురువారమే అయిపోయింది.
ఫోను చేస్తే వనజాక్షి నమ్మలేదు.
వచ్చింది. తిప్పి తిప్పి చూసింది. కుట్టు లాగి చూసింది.
పర్సు తెరిచి, మూసి,
"ఇంత బిరీన ఇస్తావనుకోలేదు కస్తూరీ,
డబ్బులు రేపిస్తా" అనింది.